సుమతి పూర్వకథ యెవరు చెప్పుదురు?

కథ ముగిసిన పిమ్మట దాని మొదలు చెప్పుట మన పురాణకర్తలకు క్రొత్త గాదు. రావణవధ జరిగినది, పట్టాభిషేకమైనది, కొలువు నిండుగా నున్నది. అప్పుడు అగస్త్యాది మహర్షులు వచ్చి శ్రీరామునకు రావణుని పుట్టుపూర్వములు వినిపింతురు. చచ్చినవాని జాతకముతో ఇప్పుడేమి పని యని యెవరైనను అడుగవచ్చును. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణము గాని, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణము గాని తెరచి చూచిన సోదరీమణులు మాత్రము అట్లడుగరు. వేదవతి కథ మనకు తెలియుట ఆ వెనుకటి ముచ్చట వలననే గదా!

కుశధ్వజుని కూతురు వేదవతి విష్ణువును పతిగా గోరి హిమవత్ప్రాంతమున తపము చేయుచుండగా రావణుడు వచ్చి ఆమె తలవెండ్రుకలను పట్టుకొనెను. ఆమె ఆ కురులను తన చేతితోనే తెగవ్రేసికొని, పరపురుషుడు తాకిన ఈ దేహముతో ఇక బ్రతుకనని, నీ చేటునకై మరల పుట్టెదనని పలికి అగ్నిలో ప్రవేశించెను. ఈ సంగతి తెలిసిన తరువాత అశోకవనమున కూర్చున్న సీతను మనము వేరొక చూపుతో చూతుము. అంతవరకు ఆమె ఎత్తుకొని పోబడిన యిల్లాలు. ఇప్పుడో, పూర్వజన్మముననే ప్రతిన పట్టి పగవాని యింటికి తానై నడచివచ్చినంత పని చేసిన ధీర. రామాయణములో ఒక్క యక్షరమైన మారలేదు, అర్థము మారినది. పూర్వకథ యనగా ఇట్లుండవలెనని చిన్ననాడే నా మనస్సున నాటుకొన్నది.

ఇప్పుడు పత్రికలవారు పూర్వకథను ప్రీక్వెల్ అనుచున్నారు. 2024వ సంవత్సరము మే 31వ తేదీన అమెజాన్ ప్రైమ్‌లో ‘బుజ్జి అండ్ భైరవ’ యను రెండు భాగముల బొమ్మల చిత్రము వచ్చినది. ఆ జూన్ 27వ తేదీన విడుదలయిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమాకు అది పూర్వకథ. దానిని గూర్చి నాకు కొంత సంతోషము, కొంత కినుక కలవు. రెండును నేటికి తీరలేదు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను బడిలో గడిపిన యేండ్లు కొద్ది. మా తాతగారు ఇంటిలోనే కూర్చుండబెట్టి భారత భాగవతములును, మనుచరిత్ర, కళాపూర్ణోదయములును చెప్పిరి. అట్టిదానికి యంత్రముల కథలపై ఇంత మోజేమని మా చుట్టములు నవ్వుదురు. నాకిందులో వింత కనబడదు. కళాపూర్ణోదయము చదివినవారికి కాలమును వెనుకకు ముందునకు త్రిప్పుట యేమంత క్రొత్త? అందు కథ నడుమ నుండి మొదలై, జరిగిపోయిన సంగతులు పాత్రల నోటనే ఒకటొకటిగా బయటపడును. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ లోకములో నిజమై నడచును. 1957 నాటి ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పెట్టె మాత్రమేమి? మూత తెరచినవారికి తమకు ప్రియమైనవారు కనబడుదురు. నేడు ఇంటింట అరచేతి ఫోనులో మనము చేయుచున్న పని యదియే.

ఆ మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డిగారి వద్ద శిష్యరికము చేసిన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో ‘ఆదిత్య 369’ తీసిరి. దానిని టీవీలో మొదటిసారి చూచునప్పటికి నాకు పదేండ్లు నిండలేదు. కాలయంత్రమెక్కి కథానాయకుడు 1526వ సంవత్సరపు విజయనగరమున దిగును. అప్పుడే ఆముక్తమాల్యద పద్యములను అర్థము తెలిసియు తెలియకయు వల్లెవేయుచున్న నాకు, రాయలవారి కొలువు తెరపై కనబడగనే ఎరిగినవారి యింటికి పోయినట్లుండెను. పిదప ఆ యంత్రమే 2504వ సంవత్సరమునకు పోవును. అచ్చట అణుయుద్ధమై, నేలపై బ్రదుకలేక మనుష్యులు నేలక్రింద కాపురముందురు. ఆ రాత్రి నాకు నిద్దుర రాలేదు. మా పెరటి వేపచెట్టు ఇంకను ఉన్నదో లేదో యని లేచి కిటికీలోనుండి చూచి వచ్చితిని. అది మొదలు ఇట్టి కథ యెచ్చట దొరకినను విడువలేదు. ఆంగ్లేయుడైన వెల్సు 1895లో వ్రాసిన కాలయంత్రపు కథను మావారు తెలుగున చెప్పగా రెండు మారులు విన్నాను. మావారు ఇచ్చట తిరువూరులో ఉపాధ్యాయులు. చెప్పుట వారికి అలవాటు, వినుట నాకు అలవాటు.

అందుచేత నాగ్ అశ్విన్‌గారు కల్కి చిత్రము తీయుచున్నారని, దానికి సింగీతము వారు మార్గదర్శకులుగా నున్నారని విన్ననాటినుండి మా యింట ఎదురుచూపులే. పైగా పేరులోని లెక్క నాకు మిక్కిలి నచ్చినది. కలియుగము క్రీస్తునకు పూర్వము 3102లో మొదలైనదని పంచాంగములు చెప్పుచున్నవి. దానికి 2898 కూడిన సరిగా ఆరువేల యేండ్లు.

సినిమా కంటె ముందుగా వచ్చినది బుజ్జి. మే 22వ తేదీన హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీలో బుజ్జి వాహనమును జనులకు చూపినారు. ఆరు టన్నుల బరువట! మహీంద్రా వారి తోడ్పాటుతో, కోయంబత్తూరులోని జయం సంస్థవారు దానిని నిజముగా నడచునట్లు కట్టినారు. ముందు రెండు చక్రములు, వెనుక బంతివంటి చక్రమొకటి. తరువాత తొమ్మిది దినములకు బొమ్మల చిత్రము. ఎండలు మండిపోవుచున్న దినములవి; ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టుట అప్పుడే ముగిసినది. తలుపులు మూసి, మా అమ్మాయియు, ఇరుగుపొరుగు పిల్లలు నలుగురును, నేనును చూడ కూర్చుంటిమి.

సంతోషము మాట ముందు చెప్పెదను. బుజ్జి యనగా సరకులు మోయు వాహనమును నడపు ఒక యంత్రమేధ. దానికి పేరు లేదు. బీయూ-జేజెడ్-1 అను గుర్తు మాత్రమున్నది. ఆ యక్షరములనే ముద్దుగా పలుకగా బుజ్జి యైనది. దాని శరీరము పోయి, తెలివి మాత్రము మిగిలినది. అది భైరవుని పాలబడుట, అతడొక క్రొత్త దేహమును కట్టియిచ్చుట, పోట్లాడుకొనుచునే ఇద్దరును జతకట్టుట, ఇంతే కథ. మన పెద్దలు పరకాయప్రవేశమని చెప్పిన దానిని ఇనుపముక్కలతో చేసినారు. ఆ బుజ్జికి గొంతు నిచ్చినది కీర్తి సురేశ్. ఇదే దర్శకుడు 2018లో తీసిన ‘మహానటి’లో సావిత్రియై కన్నీరు పెట్టించిన కంఠము, ఇచ్చట ఒక బండిలో దాగి చిన్నపిల్లవలె అలుగుచుండెను. దేహము లేని దానికి దేహముపై నుండు ఆశ యెట్టిదో ఆ కొద్దిసేపటిలో నాకు తెలిసినది. పిల్లలు పకపక నవ్విరి. నేనును నవ్వితిని. తరువాత పెద్ద చిత్రము చూచునప్పుడు బుజ్జి యొక్కొక్క మాటకును ‘ఇది మనకెరుకైన పిల్ల’ యను చనువు కలిగినది. ఆ చనువు పూర్వకథ యిచ్చినదే. ఆ మేలు మరువరాదు.

ఇక కినుక. కాశి ఆ చిత్రలోకములో మిగిలిన కడపటి పట్టణము. గంగ యెండిపోయినది. తలక్రిందుగా వ్రేలాడు గోపురమువలె దానిపై కాంప్లెక్సు అనునది నిలిచి, నీరును పచ్చదనమును సుఖమును తనలో దాచుకొన్నది. క్రిందివారికి దుమ్ము. ఇట్టి కాశి బొమ్మల చిత్రములో పిల్లలు దాగుడుమూతలాడుకొను సంతవీధివలె నుండెను. అచ్చట ఆకలి కూడ హాస్యమైనది. గంగ యెండిన నాడు మొదటి కడవ ఉత్తదిగా ఇంటికి తెచ్చిన ఆడుదాని ముఖము ఎట్లుండెనో ఒక్క బొమ్మయైన వేసిన నేమి? వేసవిలో కొళాయి రాని దినము తెలిసిన మనకు ఆ సంగతి తోచును, వారికి తోచలేదు. మరియొకటి. ఇది కథ తరువాత వచ్చిన పూర్వకథ గాదు, కథకు ఇరువదియేడు దినములు ముందు వచ్చినది. పెండ్లికి ముందు శుభలేఖ వచ్చినట్లు. శుభలేఖలో పెండ్లికూతురి కష్టసుఖములు వ్రాయరు గదా!

జూన్ నెలాఖరున విజయవాడ పోయి పెద్ద చిత్రము చూచితిమి. నా కినుక అచ్చట ముదిరినది.

చూచినవారికి నేను చెప్పనక్కరలేదు, చూడనివారి కొరకు కొంచెము చెప్పెదను. బిడ్డను మోయగల యాడువారిని కాంప్లెక్సువారు పట్టుకొని పోవుదురు. వారి గర్భములనుండి సారము తీసి తమ ప్రభువైన యాస్కినునకు ఆయువు పోయుదురు. కాశిలో ఆడపిల్లను మగవేషమున దాచుకొనవలసిన దుర్దశ. పట్టుబడినవారికి పేరుండదు, అంకె యుండును. అట్టివారిలో సమ్-80 అను గుర్తు గల యామెయే చిత్రమునకు ప్రాణము. ఆ గుర్తే తరువాత సుమతి యను పేరగుచున్నది. కల్కి పురాణములో కల్కి తల్లి పేరు సుమతి. ఆ కూర్పు చక్కనిది. దీపికా పదుకొణె ఆ పాత్రను ధరించినది. మంటలలోనుండి ఆమె నడచివచ్చు దృశ్యమున చూచువారందరును ఈలలు వేసిరి. నాకు మాత్రము వేదవతి జ్ఞాపకమునకు వచ్చి గొంతు పట్టుకొన్నట్లయినది.

ఎవరీమె? ఏ యింటి బిడ్డ? ఎవరి చేతులలోనుండి లాగికొని పోయిరి? చిత్రము చెప్పదు. మూడు గంటల చిత్రములో చెప్పుటకు వీలు లేకపోయి యుండవచ్చును. అందులకే గదా పూర్వకథ యున్నది! ఇరువురికి పేరు లేదు, గుర్తులు మాత్రమున్నవి. ఇరువురి గుర్తులును తెలుగు నోట పేర్లయినవి. ఒకరు బుజ్జి, ఒకరు సుమతి. బండికి పూర్వకథ దొరకినది. తల్లికి దొరకలేదు.

ఈ మాట మావారితో నంటిని. “అది పిల్లల కొరకు తీసినది. గర్భములు, అపహరణములు పసివారికి చెప్పుదురా?” యని వారనిరి. న్యాయముగనే తోచును. కాని సోదరీమణులారా, ప్రహ్లాదుని కథ మనము ఎన్నేండ్ల పిల్లలకు చెప్పుచున్నాము? కన్నతండ్రి కొడుకును ఏనుగులచేత త్రొక్కించును, మంటలో త్రోయించును, విషము పెట్టించును. పెరుగన్నము ముద్దలు కలిపి పెట్టుచు చెప్పుచున్నాము. పిల్లలు ఊకొట్టుచు తినుచున్నారు. ఎంత చెప్పవలెనో, ఎచ్చట ఆపవలెనో చెప్పు తల్లికి తెలియును. చెప్పుట చేతనైనవారికి పసివారి యెదుట చెప్పగూడని దుఃఖము లేదు. “నీవు వారికి జాబు వ్రాయుము” అని మావారు నవ్విరి. జాబు వ్రాయలేదు, ఇది వ్రాయుచున్నాను.

దూరదేశముల వారికిని ఈ చిక్కు తప్పలేదని మావారే చెప్పిరి. అమెరికాలో జార్జి లూకాస్ 1977లో ‘స్టార్ వార్స్’ తీసి, అందలి నల్లముసుగు దుష్టుని బాల్యమును ఇరువదిరెండు సంవత్సరములైన తరువాత, 1999లో చూపినాడట. అన్నాళ్లు కాచుకొన్న అభిమానులలో పెక్కుమంది, మా దుష్టుని ఇంత ముద్దుపిల్లవానిని చేసితివేమని అలిగిరట. వారి యలుక వేరు, నా యలుక వేరు. వారికి అక్కరలేనిది చెప్పినారు. నాకు కావలసినది చెప్పలేదు.

కల్కి చిత్రమునకు మరియొక పూర్వకథ కలదు. అది మన భారతము. చిత్రము కురుక్షేత్రముతోనే మొదలగును. ఉత్తర గర్భముపై అస్త్రము వేసినందులకు శ్రీకృష్ణుడు అశ్వత్థామను శపించును. ఆరువేల యేండ్లకు ఆ అశ్వత్థామయే సుమతి గర్భమునకు కావలి యగును. ఈ కల్పన చేసినవారికి నేను చేతులెత్తి నమస్కరించెదను. గర్భమును చంపబూనినవాడు గర్భమును కాచుటకంటె తగిన ప్రాయశ్చిత్తమేమున్నది? వ్యాసభారతమున శాపము మూడువేల యేండ్లకే యని ఆక్షేపించు పండితులుందురు. మా తాతగారుండిన తప్పక ఆక్షేపించి యుందురు. నాకా పట్టుదల లేదు. అమితాబ్ బచ్చను ఆ వృద్ధుని నటించిన తీరు చూచిన పిదప మూడువేలు కొసరిచ్చుటకు నేను సిద్ధముగానే యున్నాను.

అయినను అక్కడను ఒక యాడుదాని మాట జారిపోయినది. సాయంకాలము మా యింటికి పద్యములు చెప్పించుకొనుటకు కొందరు బాలికలు వత్తురు. సినిమా వచ్చిన క్రొత్తలో వారి నోట అశ్వత్థామ తప్ప వేరు మాట లేదు. వారి దృష్టిలో ఆయన మంచి తాత. ఉపపాండవుల సంగతి వారికి తెలియదు. అందుచేత భాగవతము ప్రథమస్కంధము తెరచితిని. నిద్రించు పసివారిని గొంతులు కోసిన ఆ గురుపుత్రుని అర్జునుడు పశువును కట్టినట్లు కట్టితెచ్చి ద్రౌపది యెదుట నిలిపినప్పుడు, అయిదుగురు బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లి, వీనిని విడువుడు, నావలె వీని తల్లి కృపి యేడ్వకూడదు అన్నది. ఆ ఘట్టము చదువుచుండగా పిల్లలు కదలక మెదలక వినిరి. వారిలో చిన్నది, ఎనిమిదేండ్లది, “ఈ మాట సినిమాలో లేదేమి అత్తా? ద్రౌపదిని ఎవరును అడుగలేదా?” యన్నది. నేనేమి చెప్పుదును? తాత యెంత మంచివాడైనను, ఆయన బ్రతికియున్నది ఒక తల్లి విడిచిపెట్టుట చేతనే. అది తెలిసిన పిదప సుమతిని కాచుచున్న అశ్వత్థామను చూచిన ఆయన ఋణము రెండింతలగును.

బుజ్జి రాకున్న, ఆ సినిమా రాకున్న, ఈ పిల్లలు ఆ పుస్తకము ముందు అంత శ్రద్ధగా కూర్చుండెడివారా యన్నది వేరు సంగతి. నా సమాధానము: కూర్చుండెడివారు కారు. కనుక నా కినుకకు ఎల్ల యున్నది.

రెండవ భాగము తీయుదుమని నిర్మాతలు చెప్పియున్నారు. అందులో దీపికా పదుకొణె ఉండదని 2025 సెప్టెంబరులో ప్రకటించినారు. సుమతి ముఖము మారిన మారుగాక. పేరు మారిన ముఖములు, ముఖము మారిన పేర్లు మన పురాణములలో ఎన్ని లేవు? వేదవతి సీత యైనది. నాకు గావలసినదొక్కటే. ఎవరైనను ఒకరు, బొమ్మలతోనైన సరియే, రెండు చిన్న భాగములైన సరియే, ఆమె సమ్-80 కాకమునుపటి కథ చెప్పవలెను.

వారు చెప్పులోపల మా అమ్మాయి చెప్ప మొదలుపెట్టినది. దీపము తగ్గించి పండుకొన్న తరువాత రోజునకు కొంత కొంతగా చెప్పుచున్నది. సుమతికి అమ్మ యున్నదట. జుట్టు కత్తిరించి మగపిల్లవానివలె పెంచినదట. ఒకనాడు సుమతి నీటికి పోగా కాంప్లెక్సువారు పట్టుకొని సరకుల బండిలో పడవేసిరట. ఆ బండి నడపినది బుజ్జియేనట. పేరు రాకముందటి బుజ్జి. తాను మోయుచున్న మూటలలో ఏమున్నదో దానికి తెలియదట.

నాకు ఒళ్లు జల్లుమన్నది. “తరువాత బుజ్జికి ఆ సంగతి తెలిసినదా?” యని అడిగితిని.

“రేపు చెప్పెదనమ్మా” యని అటు తిరిగి పండుకొన్నది.